పొయ్యి ఆర్పొస్తనన్నడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఫకీర్, అతని భార్య కుల్సుమ్‌బీ, కోడలు తరన్నుమ్, పదో తరగతి చదివే కూతురు ముబషిరా. కొడుకు సల్మాన్ లేడు. మంగళూరు నుంచి తీరం వెంట సరుకు మోసే ఓడలో వంటవాడతను. తుఫానులో ఆ ఓడ మునిగిందని కబురొచ్చి నెల దాటింది. శవం దొరకలేదు. అందుకే కుల్సుమ్‌బీ నమ్మలేదు.

ముబషిరా బడి సంచి తగిలించుకుంది.

"పొయ్యి ఆర్పినవా?" అంది తల్లి, రోజూ అడిగినట్టే.

"ఆర్పిన."

కుల్సుమ్‌బీ కోడలి చేతులు చూసింది. "గాజులు తక్కువేస్కున్నవేంది? నిండుగ ఏస్కో."

"గోపాల్‌పేట బస్సుల అందరు నా చేతులనే చూస్తున్నరు అత్తా. మొగుడు పోయినోళ్లు కూసునే ఇద్దత్‌ల నన్ను గుడ కూసోనియ్యి. నాలుగు నెలల పది దినాలు గడప దాట. ఆయన కోసం జర ఏడ్సనియ్యి."

"నువ్వు కూసున్ననాడే నా కొడుకును సంపినట్టు. ఈ ఇంట్ల మొగుడు పోయినోళ్లు ఎవ్వలు లేరు."

"మరి ఆయనకని రోజు తీసిపెట్టే అన్నం ఎవలు తింటున్నరు? కోళ్లు తింటున్నయి."

"ఇంగ సాలు," అన్నాడు ఫకీర్. అతని మాట ఇద్దరూ వినలేదు.

అప్పుడే వాకిట్లో దగ్గు వినిపించింది. ఓడలో సల్మాన్‌తో పనిచేసి, ప్రాణాలతో బయటపడ్డ మధు ఉప్పునుంతల నుంచి వచ్చాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. ముబషిరా ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"ఓడ ఒక దిక్కు ఒరిగిందమ్మా. అందరం పైకెక్కినం. సల్మాన్ గుడ ఎక్కిండు. పడవ దించుతుంటే, అన్నం పొయ్యి మీదనే ఉన్నది, ఆర్పొస్త అని మల్ల కిందికి దిగిండు. వద్దురా అన్న. మా అమ్మ తిడ్తది అని నవ్విండు. ఇంగ రాలె."

కుల్సుమ్‌బీ చెల్లెలు ఆర్పని పొయ్యి వల్లే గుడిసెతో పాటు కాలిపోయింది. ఆనాటి నుంచి ఆ ఒక్క మాట అడగకుండా ఆమె పిల్లల్ని గడప దాటనివ్వలేదు.

"ఓడ ఆఫీసోళ్లు చెప్తే నమ్మలె," అంది మెల్లగా. "గీ మాటన్నది నా కొడుకే."

లేచి, తరన్నుమ్‌ను లోపలి గదిలోకి తీసుకుపోయింది. ఒక్కటీ పగలకుండా గాజులు తీసింది. తరన్నుమ్ ఆమె నడుము పట్టుకుంది.

"నువ్వు గుడ నా పక్కన కూసో అత్తా."

"నేనెట్ల కూసుంట బిడ్డా. తల్లికి ఇద్దత్ లేదు."

కోడలి తలమీద కొంగు సర్దింది.

"బయట పరాయి మనిషున్నడు, గడప దాటకు. ఇంగ ఏడ్వు," అని, బయటికొచ్చి తలుపు మూసింది.