మెట్ల మీద ఆఖరు మనిషి

ఆదివారం మధ్యాహ్నం ఆటకి వెర్చెల్లీ ఊళ్లో జనం బాగానే వచ్చారు. వరిమళ్ల మీద నుంచి లేచిన పొగమంచు వీధుల్ని కమ్మేసింది. నాటకశాల లోపల తడిసిన కోట్ల వాసన, పౌడరు వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి.

ఊరూరా తిరిగే ఈ ఆటపాటల కంపెనీలో నీవెస్ ఇవాళ మొదటిసారి ఆఖరున దిగబోతోంది. అంతకు మించిన పదవి ఈ బతుకులో లేదు. ముగింపులో స్వింగ్ బ్యాండు ఊపందుకోగానే పెద్ద తెల్ల మెట్ల మీద నుంచి అందరూ ఒక్కొక్కరే దిగుతారు. నాయిక అందరికన్నా చివర. ఆవిడ కాళ్ల వంక చూసుకోకూడదు, వెనక్కి తిరగకూడదు. ఆవిడ పాదం నేల తాకేదాకా బ్యాండు మాస్టారు పాట ఆపకూడదు. ఎంత ఆలస్యమైనా అదే పల్లవి తిప్పి తిప్పి వాయించాల్సిందే.

పోయిన నెల దాకా ఆ చోటు యొలాందాది. యాభై దాటినా ఆవిడకి గొంతూ తగ్గలేదు, నోరూ తగ్గలేదు. "నువ్వు పాడుతుంటే పిల్లి తోక తలుపులో పడ్డట్టుంటుందే" అని అందరి ముందూ నీవెస్‌ని పట్టుకుని నవ్వేది. ఏళ్ల తరబడి వెనక వరసలో నిలబడి ఆ నవ్వు భరించింది నీవెస్. ఒకరోజు లావెండర్ సబ్బు తీసుకెళ్లి, పైనుంచి మూడో మెట్టు అంచున బాగా రుద్దింది. యొలాందా నవ్వు మొహంతోనే జారింది. మెట్ల మధ్యలో మెడ విరిగి ఆగిపోయింది. గబగబా తెర దించారు. అందరికన్నా గట్టిగా ఏడ్చింది నీవెసే. ఏడవడం కూడా ఆమె నేర్చుకున్న విద్యల్లో ఒకటి.

దుస్తులు తొడిగే చెసీరా, యొలాందా ఈకల కోటు తెచ్చి ఆమె భుజాల మీద వేసింది.

"వేసుకో మహారాణీ. చచ్చినామె చలికి ఓర్చుకుంటుందిలే."

"నోర్మూసుకో ముసలిదానా. ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు దానికోసం?"

"ఏడుపు కాదమ్మాయ్. ఆరోజు మాస్టారు పల్లవి మధ్యలో ఆపేశాడు. ఆవిడ కిందికి దిగనేలేదు కదా, అలా ఆపకూడదు."

"దిగింది. నలుగురు మోసుకుపోయారు" అంది నీవెస్, పెదాలకి రంగు దిద్దుకుంటూ.

ముగింపు పాట మొదలైంది. నీవెస్ మెట్ల పైన నిలబడింది. కళ్లు చెదిరే వెలుగు. అవతల నల్లటి చీకటి, ఆ చీకట్లో చప్పట్లు. ఆమెకి గర్వంతో గుండె నిండిపోయింది. ఒక్కో మెట్టూ దిగుతోంది.

కోటు లోంచి లావెండర్ వాసన వచ్చింది.

వెనక చెప్పుల మడమల చప్పుడు... టక్... టక్...

తన వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరూ లేరు. నవ్వు మొహం చెదరనివ్వకుండా కిందికి దిగి, నేల మీద పాదం మోపింది.

పాట ఆగలేదు.

మాస్టారి చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది. ఆయన నీవెస్‌ని చూడటం లేదు. ఆమె తల మీదుగా మెట్ల పైకి చూస్తున్నాడు. ఆయన నుదుటి మీద చెమట.

"ఆపండి మాస్టారూ..." పళ్ల సందు నుంచి గొణిగింది.

"ఎలా ఆపనమ్మా," అన్నాడాయన అంతే మెల్లగా, "ఇంకా ఒకరు దిగుతున్నారు."

ముందు వరసల మొహాలన్నీ పైకే తిరిగి ఉన్నాయి. నీవెస్ చేయకూడని పని చేసింది. వెనక్కి తిరిగింది.

మెట్లు ఖాళీగా ఉన్నాయి. నాయిక మీద పడాల్సిన గుండ్రటి వెలుగు ఒక్కటే పైన నిలబడి ఉంది. అది మెల్లగా కదిలింది. ఒక మెట్టు... ఇంకో మెట్టు... మూడో మెట్టు దగ్గర ఆగింది. దాన్ని ముట్టకుండా దాటి, నాలుగో మెట్టు మీదికి వచ్చింది.

మూడో మెట్టు సంగతి నీవెస్‌కి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

వెలుగు నేలకి దిగింది. ఆమె పక్కనే ఆగింది. మాస్టారి చెయ్యి కిందికి వాలింది, పాట ముగిసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు... ఆ ఖాళీ చోటుకి.

చెవి దగ్గర చల్లటి ఊపిరి.

"వెనక వరసలోకి పో, పిల్లా."

నీవెస్ వెళ్లింది. ఆమె కాళ్లు ఆమెని అడగలేదు.

తెర పడ్డాక చెసీరా మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెప్పులు విప్పింది. విప్పి, తిరగేసి, అడుగున వేలితో రాసి చూసింది. రెండు చెప్పుల అడుగునా సబ్బు దట్టంగా పూసి ఉంది, ఇంకా తడిగా, లావెండర్ వాసనతో.

"వీటితో అన్ని మెట్లూ ఎలా దిగావే?" అంది చెసీరా. "నిన్నెవరో పట్టుకుని దించినట్టున్నారు."

నీవెస్ తన మోచెయ్యి చూసుకుంది. అక్కడ అయిదు వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

తలుపు అవతలి నుంచి ఎవరో కేకేశారు. రేపు నొవారాలో ఆటట. అక్కడి మెట్లు ఇంకా ఎత్తట.