ఆఖరి రౌండ్ వెనక ఫోటో

"ఈ డిస్కులో ఒక మనిషి చావు ఉంది," అన్నాడు చీఫ్ ప్రకాశం.

కర్నూలు ఆఫీసులో, టేబుల్ మీద పడిన కవర్ జెరాక్స్ వైపు ఏజెంట్ జ్ఞానేశ్వర్ చూశాడు. పాతకాలం ఫైటింగ్ గేములు ఆరింటికి కొత్త రంగులు పూసి, సౌండ్ మార్చి, ఒకే డిస్కులో కుక్కి రీమాస్టర్డ్ కలెక్షన్ అని పేరు పెట్టారు. కవర్ మీద చొక్కాల్లేని కండల వీరులు పళ్లు కొరుకుతున్నారు.

"ఈ డిస్కు పంపిన విదేశీ ముఠా అంటే కాస్త పెద్దవాళ్లనుకున్నాను సార్."

"వెటకారం ఆపి విను. ఆ ముఠాలో మన మనిషిగా పనిచేసిన లేవి తప్పించుకొచ్చి ఈ చుట్టుపక్కలే దాక్కున్నాడు. వాణ్ణి చంపడానికి కిల్లర్ దిగాడు. లేవి ముఖం వాడికి తెలీదు. ఆరో గేములో ఆఖరి శత్రువు బాస్‌ని ఓడిస్తే స్క్రీన్ మీద లేవి ఫోటో, అడ్రస్ వస్తాయి. రేపు మధ్యాహ్నం, కడపలో శ్రీవాసవి వీడియో గేమ్స్."

"కిల్లర్ ఎవరు?"

"అదే తెలీదు. ఫోటో చూడ్డానికి వచ్చేవాడే కిల్లర్. వాడు రావాలి, ఫోటో రాకూడదు. డిస్కు తెచ్చి ఆడేది పద్మప్రియ. వాళ్ల కొరియర్‌లా నటిస్తున్న మన ఏజెంట్. ఆఖరి రౌండ్ ఓడిపొమ్మని చెప్పాం. వాడికి చిర్రెత్తుకొచ్చి తనే బయటపడతాడు."

ఒక ఫోటో చూపించడానికి ఇంత తతంగం! జ్ఞానేశ్వర్‌కి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. డిపార్ట్‌మెంట్ మొత్తంలో అతను గౌరవించేది లేవి ఒక్కణ్ణే. లేవి లేకపోతే తను ఏనాడో పోయేవాడు.

టెక్నికల్ వింగ్ ఒక పెన్ను ఇచ్చింది. నొక్కితే మత్తు గ్యాస్ వస్తుందట. జేబులో పడేశాడు.

మర్నాడు అమావాస్య. నాపరాళ్ల బ్రోకర్ వేషంలో కడప చేరాడు. డిపార్ట్‌మెంట్ జిగురుతో అంటించిన మీసం ఏడురోడ్ల కూడలి దగ్గరికి వచ్చేసరికే ఒకవైపు ఊడింది. వేలితో నొక్కి పట్టుకుని పార్లర్‌లో అడుగుపెట్టాడు.

లోపల ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, టై కట్టుకున్న ఒక మెడికల్ రెప్, సఫారీ వేసుకున్న ఒక లావుపాటి పెద్దమనిషి. పెద్ద టీవీ ముందు పద్మప్రియ. నల్ల కళ్లద్దాలు, తోలు జాకెట్. కడప ఎండకు తోలు జాకెట్ వేసుకునే మనిషి తెలివి మీద అతనికి ఎప్పుడూ నమ్మకం లేదు.

ఆరో గేము, ఆఖరి రౌండ్.

"ఏమప్పా శెట్టీ, సీతాఫలాలు వచ్చినాయా బజారుకి?" కౌంటర్‌లో ఉన్న ఓనర్‌ని గట్టిగా అడిగాడు. అది కోడ్. 'ఇంకా పచ్చివే' అని పద్మప్రియ అనాలి.

ఆమె అనలేదు. వేళ్లు మాత్రం ఆగలేదు. బాస్ ప్రాణం చూపించే లైఫ్ బార్ సగానికి, చూస్తుండగానే పావుకి పడిపోయింది. ఓడిపోయేవాళ్లు అలా ఆడరు.

అమ్ముడుపోయింది. ఆమెను నమ్మిన చీఫ్‌ని తలుచుకుంటే ఒళ్లు మండింది. ఇప్పుడు డిస్కు లాక్కుంటే కిల్లర్ జారుకుంటాడు, రేపు ఇంకో డిస్కు వస్తుంది. లాక్కోకపోతే లేవి ఉండడు.

కౌంటర్ దగ్గర ఓనర్ రామసుబ్బయ్య శెట్టి అమావాస్య పూజకు గిన్నెలో పసుపు తడుపుతున్నాడు.

"ఆ ఆడేది కొత్త డిస్కే కదప్పా?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"అవునప్పా. ఆ యమ్మ సొంతంగా తెచ్చుకునింది."

"ఎవురిదైతేనేమి, మిషన్ నీదే కదా! అమావాస్య పూట బొట్టు పెట్టకుండా కొత్త సరుకు తిప్పుతాండావే. మిషన్ కాలిపోతే ఎవురిని అడుగుతావు?"

రామసుబ్బయ్య ముఖం పాలిపోయింది. కొత్త త్రాసుకి, కొత్త తాళానికి, ఆఖరికి కొత్త చీపురుకి కూడా బొట్టు పెట్టందే ముట్టని ఇల్లు వాళ్లది. "అయ్యో, మర్సేపోయినానే!" అంటూ గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని పరుగెత్తాడు.

బాస్‌కి వెంట్రుకంత ప్రాణం మిగిలింది. పద్మప్రియ ఆఖరి కిక్కుకి బొటనవేలు ఎత్తింది. శెట్టి బటన్ నొక్కి డిస్కు బయటికి తీసేశాడు. తెర నల్లబడింది.

"ఏయ్, ముట్టుకోకు!"

"ఒక్క నిమిషం తల్లీ. మన మంచికే."

మెరిసే వైపే డిస్కు ముఖమనుకున్నాడు శెట్టి. దాని నిండా పసుపు దట్టంగా పూసి, మూడుచోట్ల కుంకుమ అద్ది, కర్పూరం తిప్పి, కళ్లకద్దుకుని మళ్లీ లోపల పెట్టాడు. మిషన్ గురగురమని మూలిగింది. డిస్కు చదవడం కుదరదని తెర మీద రాసి ఊరుకుంది.

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. పెద్దమనిషి ఆవులించాడు. మెడికల్ రెప్ మాత్రం ఒక్క గెంతు గెంతి డిస్కు లాగి టైతో బరబరా తుడిచాడు. గీతలు పడ్డాయి తప్ప పసుపు పోలేదు.

"స్టుపిడ్ ఫెలో!" అంటూ శెట్టి కాలర్ పట్టుకుని, మందుల బ్యాగులోంచి పిస్టల్ తీశాడు.

ఎవరో ఆడే ఆట ఆగిపోతే ఇతనికి ఇంత మంటా? వీడే కిల్లర్. జ్ఞానేశ్వర్ పెన్ను నొక్కాడు. నీలం సిరా వచ్చింది. దాన్ని విసిరికొట్టి, పక్క మిషన్ జాయ్‌స్టిక్ వైరు లాగి రెప్ మణికట్టుకు బిగించాడు. గుండు సీలింగ్‌లోకి పోయింది. రెప్ నేల మీద బోర్లా పడ్డాడు.

పద్మప్రియ నింపాదిగా కళ్లద్దాలు తీసింది. "నేను మీ మనిషినే."

"ఓడిపొమ్మన్నాం."

"గెలవడం అలవాటైపోయింది."

"జైల్లో క్యారమ్స్ ఉంటుంది. గెలుచుకో."

సాయంత్రం లేవికి ఫోన్ చేశాడు. "దొరికినాడన్నా. నీ ఫోటో ఎవురూ చూడలేదు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "ఎట్లా తప్పిందప్పా?"

"శెట్టి అమావాస్య పూజ చేసినాడు. దాంతో డిస్కు పనిచేయలేదు."

"శానా సంతోషమప్పా," అన్నాడు లేవి. "కానీ ఈ ముక్క యాడా చెప్పొద్దు. పోయిన ఆదివారం నుంచి మా పాస్టరయ్య నాకోసం ఉపవాసం ఉండాడు."