ఇరవై ఒకటి దిగితే వద్దు

"ఇరవై ఒకటి దిగితే పని ఆపండి."

విదేశీ ముఠా వైర్‌లెస్‌లో చిక్కిన ఆ ఒక్క ముక్క మంచుదేశపు ఔలు పట్నంలో ఏజెంట్ రెయినోను మూడు వారాలుగా వేపుకుతింటోంది. ఇరవై ఒకటో తేదీన రైల్వేస్టేషన్ చుట్టూ కాపలా వేశాడు. కాళ్లు కొయ్యబారాయి తప్ప అనుమానించదగ్గ మనిషి ఒక్కడూ దిగలేదు. ఇరవై ఒకటో నంబరు గోదాము సోదా చేశాడు. ఎండుచేపలు దొరికాయి.

"ఇక చాలించవయ్యా!" అన్నాడు కర్నల్ అహ్ల్‌స్టెడ్. "పదింటికి లారీలు కదుల్తాయి."

గడ్డకట్టిన సముద్రం మీది దారిలో ద్వీపానికి ఐదు లారీలు. వాటిలో కొత్త రాడార్, నలభై మంది సైనికులు.

తొమ్మిదింటికి కాఫీ హోటల్లో, నక్కతోలు కోటుతో సిర్కా వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇటు రెయినోకీ, అటు ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్. ఎంత అందమో అంత అబద్ధం.

"మావాళ్లు రెండు టన్నుల కల్లుప్పు కొన్నారు."

"చేపలకేమో."

"చేపలు ఊరేసే కాలం ఎప్పుడో అయిపోయింది, మొద్దూ!"

రెయినో చేతిలో కప్పు ఆగిపోయింది. గుమ్మం ముందు మంచు కరగడానికి అమ్మ ఉప్పు చల్లేది. ఎముకలు కొరికే చలిలో మాత్రం చల్లేది కాదు. "మైనస్ ఇరవై ఒకటి దిగితే ఉప్పు దండగరా" అనేది.

దిగాల్సింది మనుషులు కాదు, పాదరసం! కిటికీ బయట థర్మామీటర్ మైనస్ పదహారు చూపిస్తోంది. దాన్ని పీక్కుని జీపెక్కాడు.

మొదటి లారీని మంచు మీద అడ్డగించాడు. దారికి అడ్డంగా, పైపొర మంచు కింద, సన్నటి తడి గీత.

"సముద్రం నీళ్లు ఊరాయి, అంతే. తప్పుకో!" లారీ ముందు సీట్లోంచి కర్నల్ అరిచాడు.

రెయినో థర్మామీటర్ ముంచాడు. "మైనస్ పదహారు, సార్! మన సముద్రం నీళ్లయితే ఈపాటికి రాయైపోవూ? రంపంతో కోసి, కోత మళ్లీ అతుక్కోకుండా ఉప్పు నింపారు."

"మూడు వారాల్నుంచి నీ కథలు వింటున్నా. పోనీవోయ్ డ్రైవర్!"

ముందు చక్రాలు గీత దాటాయి. మంచు మూలిగింది. నల్లటి నీళ్లు బుసబుసా పొంగాయి. రెయినో ఫుట్‌బోర్డు మీదికి దూకి రివర్స్ గేరు లాగాడు. లారీ వెనక్కి ఎగిరిపడిన క్షణంలో ఇంటంత మంచుపలక భళ్లున బోర్లాపడింది.

ఒడ్డున బైనాక్యులర్లతో కాచుకున్న ఇద్దర్నీ సైనికులు పట్టుకున్నారు. కర్నల్ లారీ దిగి ఆ గొయ్యిలోకి తొంగిచూశాడు.

"నాకు మొదట్నుంచీ ఉప్పు మీదే అనుమానం," అన్నాడు.

రెయినో నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆ చలిలో ఆరోగ్యానికి అదే మంచిది.