నీలం పెన్సిలు గీత

ఆదివారం మా లైబ్రరీకి సెలవు. మధ్యాహ్నం భోజనం కానిచ్చి నేనొక్కణ్ణే వెళ్లి తాళం తీశాను. మర్నాటికల్లా పత్రికకు నా శీర్షిక పంపాలి. ఏ పుస్తకం చదివి ఎక్కడ నవ్వానో, ఎక్కడ కన్నీళ్లు పెట్టుకున్నానో రాసే శీర్షిక. దానికి బోలెడు పేరు.

నిజం చెప్పేస్తాను. ఇరవై ఏళ్లుగా లైబ్రేరియన్‌ని. ఒక్క పుస్తకానికీ నా కన్ను చెమ్మగిల్లలేదు. చదివితే అర్థమవుతుంది, అంతే. నా ఎనిమిదేళ్ల కూతురు అలా కాదు. కథలో పిచ్చుక చచ్చిపోతే అన్నం మానేస్తుంది. దానికి నా పోలిక రాలేదని లోలోపల మురిసిపోతుంటాను.

శీర్షికలోని నవ్వులూ ఏడుపులూ కుట్టుపని చేసే ఒకావిడవి. బట్ట కత్తిరించే ముందు గుర్తు గీసుకునే నీలం పెన్సిలుతో పుస్తకాల అంచుల్లో రాసేది. "ఇక్కడ గుండె పట్టేసింది." "ఇక్కడ మా అమ్మ గుర్తొచ్చింది." నేను అవి ఎత్తిరాసుకుని, రబ్బరుతో చెరిపేసేవాణ్ణి. ఒకరోజు ఆవిడ పత్రిక పట్టుకొచ్చింది.

"ఈ ఏడుపు నాది సార్," అంది నెమ్మదిగా. "నాదని ఒక్క ముక్క రాయండి, చాలు."

నాకు ఒళ్లు మండింది. పుస్తకాలు పాడుచేస్తోందని అందరి ముందూ ఆవిడ సభ్యత్వం కార్డు చింపేశాను.

"ఇంట్లో ఒక్కదాన్నే సార్. ఇవి కూడా లేకపోతే ఎట్లా?"

వెనకున్న మనిషిని ముందుకు రమ్మన్నాను. రెండు నెలలకు ఆవిడ పోయిందని తెలిసింది. ఆవిడ దగ్గర మిగిలిన చివరి పుస్తకాన్ని పక్కింటివాళ్లు తెచ్చిచ్చారు. సిగ్గులేనివాణ్ణి, అందులో ఏం రాసి ఉంటుందోనన్న ఆశతోనే ఆ ఆదివారం వెళ్లాను.

తెరిచాను. గుప్పున కుట్టుమిషన్ నూనె వాసన. మొదటి పది పేజీల అంచులూ ఖాళీ. పదకొండో పేజీలో నీలం అక్షరాలు.

"ఇక్కడ మీకు చెమటలు పడతాయి సార్."

పట్టాయి...

పేజీ తిప్పాను. "ఇక్కడ వెనక్కి చూస్తారు."

చూశాను. చదువుకునే హాల్లో ఎవరూ లేరు. కానీ శబ్దం... కాలితో తొక్కే మిషన్ శబ్దం. టకటకటక... ఆగింది. మళ్లీ టకటక... ఈసారి నా బల్ల పక్కన.

వేళ్లు నా మాట వినలేదు. వాటంతట అవే మరో పేజీ తిప్పాయి.

"నా నవ్వులూ ఏడుపులూ మీరు వాడుకున్నారు. ఇప్పుడు నాకు కావాలి. మీ దగ్గర ఎలాగూ లేవు. మీ పాప దగ్గర చాలా ఉన్నాయట కదా సార్."

పుస్తకం అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాను.

పాప ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో పిచ్చుక కథ. క్షేమంగానే ఉంది. గట్టిగా పొదువుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకేడుస్తున్నావు నాన్నా?" అంది వింతగా చూస్తూ. "ఇందాక అత్త కూడా ఇలాగే ఏడ్చింది, పిచ్చుక చచ్చిపోయే చోట. నాకేమీ అనిపించలేదు."

"ఏ అత్త?" అన్నాను.

పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది. "ఇవాళ ఏడుపు తీసుకెళ్లింది. నవ్వుకి వచ్చే ఆదివారం వస్తానంది."

దాని మొహం కిటికీ వెలుతురుకేసి తిప్పాను. పెదవి చివర, కత్తెర పెట్టే ముందు బట్ట మీద గీసినట్టు, సన్నటి నీలం గీత. తడిగుడ్డతో ఎంత తుడిచినా పోలేదు.