వెనక సీటు లేని బుల్లెట్

తండ్రి బుల్లెట్ బండిని సూగురేశ్ కోయించాడు. తల్లి బతికిన చివరి ఏడాదిలో ఆమెకు కూర్చునే చోటు లేకుండా చేశాడు. అది క్షమించే పని కాదు. తండ్రి రంగప్ప లెక్కలో ఆ విషయం ఎప్పుడో తేలిపోయింది.

శక్తినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగానికి ఆయన కంపెనీ బస్సులోనే వెళ్లేవాడు. బుల్లెట్ బయటికి తీసేది భార్య అంబమ్మను యరగేర చేనుకు తీసుకెళ్లడానికే. కొడుకు దాన్ని చాపర్ చేయించాడు. ముందు ఫోర్కు బారెడు సాగింది, హ్యాండిల్ భుజాల ఎత్తుకు లేచింది, వెనక సీటు పోయింది. అప్పటి నుంచి కొడుకు బండి ఏదీ రంగప్ప ఎక్కలేదు.

అంబమ్మ సంవత్సరీకం రోజు పొద్దున, కోడలు కావేరి సమాధి దగ్గర పెట్టే ఎడె నైవేద్యం కోసం పూర్ణం హోళిగెలు చేస్తోంది. సూగురేశ్ వాకిట్లో కొత్త బండి ఆపాడు. దూరప్రయాణాల అడ్వెంచర్ బండి. ఎత్తుగా ఉంది, సీటు వెడల్పు, వెనక రెండు పెట్టెలు.

"నాయినా, సమాధి కాడికి దీని మీద పోదాం. ఎడె పెట్టెల పడ్తది. చేను బాటల గుంతలు గూడ తెలువవు."

"అది కొమ్ములు లేపిన మేక. ఇది ఒంటె. ఏది మంచిదో నన్ను చెప్పమంటవా?"

"చాపర్ షోకుకు నాయినా. ఇది మనుషులకు."

"మనిషి ఉన్నప్పుడు షోకు. పోయినంక సీటు."

సూగురేశ్ తల దించుకున్నాడు. రంగప్ప సంచి అందుకున్నాడు. "నేను బస్సుకు పోత."

కావేరి పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "ఆగున్రి మామా. ఈయన చెప్పడు, నేను చెప్త."

"కావేరీ, అమ్మకు ఒట్టేసిన."

"నేను వెయ్యలే." ఆమె మామగారి వైపు తిరిగింది. "సీటు తీపిచ్చింది అత్తమ్మే. చేనుకు పోయే రోడ్డు మీద ప్లాంటు బూడిద లారీ ముందలున్నా మీకు కానరాలే. ఎనక నుంచి ఆమె అరిస్తే బ్రేకు పట్టిన్రు. కండ్ల ఆపరేషన్ అంటే కయ్యానికి వచ్చేటోళ్లు. 'నేను కూసునే జాగ లేకుంటే ఆయన బండి ముట్టడు, తిట్లు నువ్వు పడు బిడ్డా' అని ఈయనకు చెప్పింది. సీటు తీసిన దినం గోడ దిక్కు తిరిగి ఏడ్చింది."

రంగప్పకు లారీ గుర్తుకొచ్చింది. సాయంత్రం. రోడ్డూ లారీ ఒకే రంగు. బ్రేకు వదులైందని ఆ రోజు భార్యతో అన్నాడు.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "నాతోని ఒక్క మాట అనలే."

"అంటే వింటుంటిరా మామా?"

రంగప్ప కళ్లజోడు తీసి పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

లేచి బండి దగ్గరికి వచ్చాడు. బండి ఎత్తుకు కాలు అందలేదు. సూగురేశ్ బండిని పక్కకు వంచి నిలబడ్డాడు. తండ్రి అతని భుజం పట్టుకుని ఎక్కాడు.

యరగేర చేనులో, సమాధి ముందు విస్తరి పరిచాక సూగురేశ్ గొంతు సవరించుకున్నాడు.

"నాయినా, ఆ దినం అమ్మ..."

"చాలు." రంగప్ప హోళిగె మీద నెయ్యి పోస్తున్నాడు. "ఆ సీటు మాట నువ్వు ఎత్తొద్దు. నేనూ ఎన్నడూ ఎత్తను."