గొంతు చూసి కొన్నారు

శుక్రవారం పొద్దున్న సత్యప్రసాద్ కాఫీ గ్లాసు కింద పెట్టి, అలవాటుగా బల్లమీదికి చెయ్యి చాపాడు. తగిలింది తన పాత లాప్‌టాప్ కాదు. పల్చగా, నున్నగా ఇంకేదో ఉంది.

"ఇదేంటి నాగేశ్వరీ?"

"కొత్తదండి! రాత్రి తమ్ముడు తెచ్చేడు. ఆపిల్ కంప్యూటరంట. కొన్నప్పుడే మాటలొచ్చేసుంటాయంట, ఏవీ ఎక్కించక్కర్లేదంట." అరబ్బు దేశంలో, అబ్బాసియాలోని ఆ రెండు గదుల ఫ్లాటంతా ఆమె సంబరమే.

బావమరిది సూర్యకిరణ్ ఏదో మీట నొక్కాడు. "వినండి బావగారూ, గొంతెంత బావుందో! మీ పాతది రేకుడబ్బా కొట్టినట్టు వాగేది."

"బానే ఉంది. మరి నా పాతదేదీ?"

సత్యప్రసాద్ బల్లంతా తడిమాడు.

"మార్పిడికి ఇచ్చేసేం బావగారూ. కొట్టువాడు లోపలున్నదంతా తుడిచేసేడు కూడా."

అయ్యో, ఎంత పని చేశారు! నీటికాసుల జబ్బుతో అతని చూపు పోయి రెండేళ్లయింది. అహ్మదిలో అతను పనిచేసే కాంట్రాక్టు కంపెనీ ఇన్నాళ్లూ ఓపిక పట్టి, ఇప్పుడు తేల్చమంది. ఆదివారం మేనేజరు ఎదుట కూర్చుని మెయిళ్లు చదివి జవాబులు కొట్టి చూపించాలి. చూపిస్తే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా నిలుస్తుంది, లేకపోతే ఇంటిల్లిపాదీ సామాను సర్దుకోవడమే. ఆఫీసులో ఉన్నవన్నీ విండోస్ కంప్యూటర్లు. అందుకే తెరమీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏని పాతదాంట్లో ఎక్కించుకుని, ఏడాదిగా వేళ్లు నొప్పెట్టేదాకా సాధన చేస్తున్నాడు.

"గొంతు చూసి కొన్నార్రా? గొంతుతో కాపురం చేస్తానా? నా పనంతా వేళ్లమీద!" సత్యప్రసాద్ అరిచాడు. "అందులో ఇన్సర్టూ కింది బాణమూ నొక్కితే చదువుకుంటూ పోద్ది. ఇందులో కంట్రోలూ ఆప్షనూ పట్టుకుని ఇంకోటి నొక్కాలి. మీటలన్నీ వేరు! ఇదీ మంచిదే, కాదన్ను. లినక్స్‌లో ఓర్కా అని ఉంది, అదీ మంచిదే. కానీ ఆదివారం నా ముందు పెట్టేదేది? వాడేవాణ్ని ఒక్కమాట అడగొద్దూ?"

"అడిగితే వింటారా? పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లు!" నాగేశ్వరి భగ్గుమంది. "ఇదివరకు మీకొచ్చినవన్నీ నేనే చదివేదాన్ని. ఇప్పుడు ఇయర్‌ఫోన్లు తీసినా ఆ మిషన్ గడగడా ఏం వాగుద్దో, పక్కన కూర్చున్నా ఒక్క ముక్క అర్థం కాదు. మీ అక్కకి ఆపరేషనని మెయిలొస్తే, రెండ్రోజులకి అన్నం కలుపుకుంటా చెప్పేరు నాకు! ఇదైతే మెల్లగా మాట్టాడుద్ది, మీరేం వింటున్నారో నాకూ తెలుస్తుందని కొనమన్నాను. తప్పే, తిట్టండి."

సత్యప్రసాద్ కోపం మాత్రం చల్లారలేదు.

మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యి కొట్టు తెరవగానే సూర్యకిరణ్ పరుగెత్తి పాతదాన్ని వెనక్కి తెచ్చాడు. లోపల ఎన్‌వీడీఏ లేదు, అతని అమరికలేవీ లేవు. అన్నీ మళ్లీ ఎక్కించుకోవడానికి కళ్లున్నవాళ్లు పక్కనుంటే సులువు. నాగేశ్వరి ముక్కు చీదుకుంటూ వచ్చి కూర్చుని, తెరమీది ఇంగ్లీషు మాటల్ని కూడబలుక్కుంటూ చదివింది. అతను రెండుసార్లు విసుక్కున్నాడు కూడా.

చివరికి ఆ రేకు గొంతు పలికింది. సత్యప్రసాద్ వేళ్లు వెంటనే వేగం పెంచేశాయి. నాగేశ్వరి చదువుతున్నది సగంలో ఆపి కుర్చీ వెనక్కి జరిపింది.

"ఇంక నాతో పనేం ఉందిలెండి."

ఆ మాటలో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది. ఈ ఇంట్లో చీకటి తన ఒక్కడికే అనుకున్నాడు రెండేళ్లుగా. ఎంత స్వార్థం తనది! చెయ్యి చాపి తడుముకుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వెళ్లకు నాగీ. అక్క మెయిల్ రాసింది. నువ్వు చదువు."

"అది చదువుతుందిగా."

"అది చదివితే విషయం ఒక్కటే తెలుస్తుందే. నువ్వే చదువు."

ఆమె కూర్చుంది. ఒక్కో మాటా ఆగి ఆగి చదివింది. ఆదివారం ఏమవుతుందో అతనికి తెలియదు. చదువుతూ ఆమె ఏడవడం మాత్రం, ఇన్నాళ్లకి, విన్నాడు.