ముప్పై రెండో కిలోమీటరు

ధవళేశ్వరం లాకుల దగ్గర నూకరత్నం వెనక్కి తిరిగేసరికి చేతి పట్టీ ఇరవై ఒకటో కిలోమీటరు చూపించింది. గుండె నిమిషానికి నూట నలభై ఎనిమిది. ఎండ సైరన్ మోగడానికి ఇంకా గంటా పది నిమిషాలుంది. ఆ లోపల కోటిలింగాల రేవు చేరిపోవాలి. సైరన్ మోగాక గోదావరి గట్టు మీద మనిషి కదిలితే పట్టీయే ఫిర్యాదు పంపేస్తుంది.

పక్కన సైకిలు మీద మెహరున్నీసా టీచరు వస్తోంది. అరవై నాలుగేళ్ళు. బాలికల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్ టీచరుగా చేసింది. మోకాలి చిప్ప అరిగాక తను పరుగెత్తడం మానేసింది గాని ఇంకొకళ్ళని పరుగెత్తించడం మానలేదు.

"భుజాలు దించు రత్నం. నీళ్ళ బిందె మోస్తున్నట్టు పరిగెడుతున్నావు."

"దించాననే అనుకుంటున్నానండి."

"అనుకోకు. దించు."

నూకరత్నానికి నలభై ఏడేళ్ళు. రెండేళ్ళ కిందటి దాకా బస్సు కోసం కూడా పరుగెత్తి ఎరగదు. భర్త వీరభద్రం పోయాక పొద్దున్నపూట ఇంట్లో ఉండలేక గట్టు మీదికి వచ్చేది. నడిచేది. ఒకరోజు టీచరు సైకిలాపి, "అంత కోపంగా నడిచేదానివి పరుగెత్తరాదూ" అంది. అలా మొదలైంది. ఇప్పుడు ఎడం కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయి, కొత్తది సగం వచ్చింది. మారథాన్‌కి మూడు వారాలుంది. ఈరోజు ఇరవై తొమ్మిది కిలోమీటర్లు. శిక్షణలో అన్నిటికంటే పొడుగు పరుగు ఇదే. ఇక్కణ్ణించి తగ్గించుకుంటూ రావడమే.

ఎనిమిది గంటల సైరన్‌కి ఐదు నిమిషాలుండగా రేవు చేరింది. టీచరు బెల్లం ముక్కా ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళూ ఇచ్చింది. పట్టీ ఆ పరుగునంతా ముందుఫల కేంద్రానికి పంపించి, పచ్చగా ఒకసారి వెలిగి ఆరింది.

తొమ్మిదిన్నరకి నూకరత్నం అదే కేంద్రంలో, పెద్దాసుపత్రి పక్క భవనంలో, తన గదిలో కూర్చుంది. ఆమె పఠనాధికారి. గణకం అనే యంత్రం జరగబోయేది ముందే లెక్కగట్టి పంపే ముందుఫలాన్ని రోగి బంధువులకు చదివి వినిపించడం ఆమె పని. తెర మీద చూపిస్తే జనం ఒప్పుకోవడం లేదనీ, మనిషి నోటితో వింటే సంతకం పెడుతున్నారనీ మొదటి ఏడాదే తేలింది. అప్పట్నించి ప్రతి ఆసుపత్రికీ పఠనాధికారుల్ని వేశారు. చదవాల్సినవి మూడే వాక్యాలు. రోగి పేరు. మిగిలిన రోజుల సంఖ్య. చికిత్స కొనసాగించినా ఫలితం మారదన్న మాట. నాలుగో వాక్యం కలపకూడదు. సంతకం అయ్యాక మంచం విశ్రాంతి వార్డుకి వెళ్ళిపోతుంది. అక్కడ నొప్పికి తప్ప మందులుండవు. ఖాళీ అయిన చోటుకి, రోజులు ఎక్కువున్న ఇంకో రోగి వస్తాడు.

తొమ్మిదేళ్ళలో ముందుఫలం తప్పిన దాఖలా లేదని ఆమె వెనక గోడ మీద రాసి ఉంటుంది.

వీరభద్రం లారీ మెకానిక్కు. ఊపిరితిత్తుల్లో చీము పట్టి చేరాడు. సొంతవాళ్ళకి చదవకూడదని నియమం కాబట్టి పక్క గది ఆవిడ చదివింది. పదకొండు రోజులు. నూకరత్నం ఏడవలేదు, ఎదురు ప్రశ్న వెయ్యలేదు, సంతకం పెట్టింది. ఇంత నిబ్బరంగా ఎవరూ పెట్టలేదని ఆఫీసులో చెప్పుకున్నారు. ఆయన పదో రోజున పోయాడు. ఒక రోజు అటూ ఇటూ అయితే గణకం దాన్ని తేడాగా లెక్కవెయ్యదు.

పరుగుకి వారం ముందు, ఆదివారం పొద్దున, పాల్గొనేవాళ్ళందరికీ ముందుఫలాలు వచ్చాయి. గణకం నాలుగు నెలల శిక్షణ చూసి ఎవరు ఎన్ని గంటల్లో పూర్తిచేస్తారో చెప్పేస్తుంది. ఆ రోజే ధ్రువపత్రమూ పతకమూ ఇంటికొస్తాయి. అందుకే ఇప్పుడు పేరిచ్చే రెండువేల మందిలో పరుగు రోజున నలభై మంది కూడా రారు. వచ్చిన ఫలితం కోసం మళ్ళీ చెమటోడ్చడం దేనికని మిగతావాళ్ళు పడుకుంటారు.

నూకరత్నానికి పతకం రాలేదు. పట్టీ మీద రెండు పంక్తులు వచ్చాయి: కుడి పిక్క పట్టేయడం వల్ల ముప్పై రెండో కిలోమీటరు దగ్గర ఆగుతారు. భద్రత దృష్ట్యా మీ నమోదు రద్దు చేయడమైనది.

ఆమె రేవు మెట్ల మీద కూర్చుని దాన్ని మూడుసార్లు చదివింది. వృత్తి అలవాటు కొద్దీ గొంతు పైకి రాకుండా, ఒక్కో పదం విడివిడిగా చదివింది. తర్వాత టీచరుకి చూపించింది.

టీచరు కళ్ళజోడు సర్దుకుని చూసింది. "తొమ్మిదేళ్ళుగా తప్పలేదంటారు కదా, ఇందుకే. పూర్తి చెయ్యలేవని ముందే పేరు కొట్టేస్తే, నువ్వు పూర్తి చెయ్యలేదనే రాసుకుంటారు. పరుగెత్తనివ్వకపోతే అది తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది?"

టీచరు పరుగు గురించే అంది. నూకరత్నం మాత్రం నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమైంది?"

"ఏం లేదండి. వచ్చే ఆదివారం మీరు సైకిలు తేగలరా?"

ఆ వారం ఆమె పదకొండు ముందుఫలాలు చదివింది. పదకొండు సంతకాలు అయ్యాయి. సాయంత్రాలు టీచరు చెప్పినట్టే కాళ్ళకి విశ్రాంతి ఇచ్చింది. అన్నం ఎక్కువ తింది. నిద్ర పట్టలేదు.

పరుగు రోజున తాడుకి అవతల ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. నంబరు లేని నూకరత్నం తాడుకి ఇవతల నిలబడింది. వాళ్ళు కదిలాక తనూ కదిలింది. ఎవరూ ఆపలేదు. లెక్కలో లేని మనిషిని ఆపమని ఎవరికీ ఉత్తర్వు లేదు. ఆ ఒక్కరోజుకి సైరన్ని పదకొండింటికి జరిపారు.

ధవళేశ్వరం దాకా తేలిగ్గా సాగింది. ఆనకట్ట మీద ఎదురుగాలి కొట్టింది. విజ్జేశ్వరం దాటి కొవ్వూరు చేరేసరికి ఇరవై నాలుగు. అక్కణ్ణించి తాళ్ళపూడి రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి వెనక్కి రావాలి, ఆ తర్వాత పెద్ద వంతెన మీదుగా గోదావరి దాటితే రాజమండ్రి. వెనక్కి తిరిగాక, ముప్పై ఒకటిన్నర దగ్గర, కుడి పిక్క పట్టేసింది.

మేకు దిగ్గొట్టినట్టు పట్టేసింది. ఆమె కుంటుకుంటూ కొంత నడిచి, ముప్పై రెండో రాయి దాటకుండానే రోడ్డు పక్క కల్వర్టు గట్టు మీద కూలబడింది. పట్టీ ఎర్రగా వెలిగింది. ఆగారా? అని అడిగింది.

టీచరు సైకిలు పడేసి వచ్చి కాలు తన ఒళ్ళో పెట్టుకుని పిక్క మీద బొటనవేళ్ళు గుచ్చింది. "ఊపిరి బిగబట్టకు. వదులు."

"సరిగ్గా చెప్పిందండి. ఏ కాలో కూడా చెప్పింది."

"చెప్పనీ. ఇంకా పది కిలోమీటర్లు. మానేస్తావా?"

నూకరత్నానికి మానెయ్యాలనే ఉంది. అది నొప్పి వల్ల కాదు. మానేస్తే గణకం చెప్పింది నిజమవుతుంది. గణకం నిజమైతే వీరభద్రానికి ఉన్నవి పదకొండు రోజులే. ఎవరు ఏం చేసినా అంతే. తను సంతకం పెట్టినా పెట్టకపోయినా అంతే. వారం పొడుగునా కోపంతో ఉడికిపోయింది గాని ఈ సంగతి తట్టలేదు. ఈ కల్వర్టు మీద కూర్చుండిపోతే రెండేళ్ళుగా లేని నిద్ర వస్తుంది.

"మూడో రోజున ఆయన పెరుగన్నం రెండు ముద్దలు తిన్నారండి" అంది. "విశ్రాంతి వార్డులో. ఈ పూట కాస్త తేలిగ్గా ఉందే అన్నారు. నేను నవ్వాను. ఇలాంటివి ఉంటాయని మాకు శిక్షణలో చెప్పారు. రోగి తేరుకున్నట్టు కనిపిస్తే నమ్మొద్దని చెప్పారు. నేను నమ్మలేదు. డాక్టర్ని పిలవలేదు."

టీచరు వేళ్ళు ఆగాయి.

"ఇప్పుడు లేచానంటే..." అని ఆమె మిగతా మాట మింగేసింది.

"లేవకు" అంది టీచరు. గొంతు డ్రిల్ టీచరుది కాదు. "ఎవరూ అడగరు రత్నం. సైకిలెక్కు, ఇంటికి పోదాం."

ఎండ పెరుగుతోంది. ముందు పరిగెత్తినవాళ్ళ పాదాల చప్పుడు కూడా వినిపించడం లేదు. నూకరత్నం ఆరు నిమిషాలు అలాగే కూర్చుంది. తర్వాత అరచేతులు గట్టు మీద ఆన్చి, ఎడం కాలి మీద బరువు వేసి లేచింది.

వంతెన మీద కొంత నడిచింది, కొంత పరుగెత్తింది. అవతలి గట్టు చేరేసరికి పదీ నలభై. పందిరి విప్పేస్తున్నారు. నలభై రెండు కిలోమీటర్ల రెండువందల మీటర్లని పట్టీ చూపించింది; దాని కింద ఏ రంగూ వెలగలేదు. టీచరు కళ్ళు తుడుచుకుంది. నూకరత్నం ఒక కొబ్బరి బొండాం తాగి, రోడ్డు పక్కకెళ్ళి దాన్నంతా కక్కేసింది. ఇంటికి వెళ్ళి వీరభద్రం చొక్కాలున్న బీరువా ముందు నేల మీద కూర్చుని, రెండేళ్ళలో మొదటిసారి, గొంతు పోయేలా ఏడ్చింది.

సోమవారం ఆమె రెయిలింగు పట్టుకుని మెట్లెక్కేసరికి సోమయాజులు ఆమె గదిలో కూర్చుని ఉన్నాడు. కేంద్రం అధిపతి, ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, మర్యాదస్థుడు.

"రత్నంగారూ, నిన్నటి మీ పట్టీ నమోదు వచ్చింది. గణకం దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పక్కన పెట్టింది. పట్టీ చెడిందని ఒక కాగితం రాసిచ్చేయండి. సరిపోతుంది."

"పట్టీ బాగానే ఉందండి."

"పోనీ, ఇలా చూడండి." అతను తెర తిప్పాడు. "ముప్పై రెండో కిలోమీటరు దగ్గర ఆరు నిమిషాలు ఆగారు. ముందుఫలం ఆగుతారనే అంది. మళ్ళీ లేవరని అనలేదు. కాబట్టి తప్పలేదు. ఇలా రాసినా నాకు అభ్యంతరం లేదు."

నూకరత్నం ఆ తెర వైపు చూసింది. "నేను లేచానండి. నన్ను లేవనిచ్చారు కాబట్టి లేచాను."

సోమయాజులుకి అర్థమైంది. వీరభద్రం సంగతి అతనికీ తెలుసు. తెర వెనక్కి తిప్పేసి, "మీరు సెలవు పెట్టండి" అన్నాడు మెల్లగా.

"బయట మనిషి కూర్చున్నాడు. ముందు ఆ పని చూస్తాను."

బయట ఉన్నది పోలయ్య అనే పడవ సరంగు, డెబ్భై ఏళ్ళవాడు. భార్యకి కాలేయం చెడింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికొచ్చి నిలబడ్డాడు. నూకరత్నం కూర్చోమంది. మూడు వాక్యాలూ చదివింది. పేరు చదివింది. పద్నాలుగు రోజులని చదివింది. చికిత్స కొనసాగించినా ఫలితం మారదని చదివింది.

పోలయ్య పెన్ను అందుకున్నాడు. "ఇక్కడేనామ్మా?"

"ఇది తప్పు కావచ్చు" అందామె.

అతను తలెత్తాడు. తలుపు దాకా వెళ్ళిన సోమయాజులు అక్కడే ఆగిపోయాడు.

"నా గురించి చెప్పింది తప్పింది. మీ ఆవిడ గురించి నిజం కావచ్చు, కాకపోవచ్చు. మందులు ఆపితే ఎప్పటికీ తెలీదు. సంతకం పెట్టకపోతే ఆపకూడదు. అదీ నియమమే. మేం చదవం, అంతే."

పోలయ్య పెన్ను బల్ల మీద పెట్టి, చెప్పులేసుకోకుండానే వార్డు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. తెర మీద సంతకం గడి ఖాళీగా ఉండిపోయింది. గణకం ఆ మంచాన్ని విశ్రాంతి వార్డుకి పంపలేకపోయింది. దాని కోసం ఎదురుచూస్తున్న తర్వాతి రోగి కాగితం కదల్లేదు, దాని వెనకవీ కదల్లేదు.

మధ్యాహ్నానికి నలుగురు సంతకం పెట్టబోమన్నారు. మూడింటికి, ఇంకా పిలుపు రానివాళ్ళతో కలిపి, పదమూడు మంది. సోమయాజులు ఫోను చెవి నుంచి తియ్యడం లేదు. నూకరత్నాన్ని గది విడిచి వెళ్ళమని ఎవరూ అనలేదు. ఏ అధికారంతో అనాలో ఇంకా తేలలేదు.

నాలుగింటికి ఒకావిడ వచ్చింది. నలభై దాటవు. చేతిలో కాగితాలేవీ లేవు. కూర్చోమనకుండానే కూర్చుంది.

"ఆసుపత్రంతా చెప్పుకుంటున్నారు, తప్పు కావచ్చని మీరే చెప్పారంట. నిజమేనా అండీ?"

"నిజమే. మీ రోగి ఎవరమ్మా?"

"ఇప్పుడు ఎవరూ లేరండి. మా అమ్మాయి. పోయినేడు శ్రావణంలో. తొమ్మిది రోజులన్నారు." ఆమె గొంతు పెంచలేదు. "ఈ గదిలోనే. నేను మిమ్మల్ని రెండుసార్లు అడిగాను, ఇంకేమన్నా దారుందా అని. మీరు మూడో ముక్క మళ్ళీ చదివారు."

నూకరత్నం ఆ మొహం వైపు చూసింది. గుర్తు తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు.

"అమ్మాయి పేరేంటి?" అంది.

ఆవిడ చెప్పలేదు. "అప్పుడు మీకు తెలీదా?" అని అడిగింది.

నూకరత్నం చేతులు బల్ల మీద పెట్టుకుంది. చదవడానికి తెర మీద ఏమీ లేదు.

"నేను అడగలేదమ్మా" అంది. "మీరు అడిగారు. మా ఆయనకి చదివినప్పుడు కూడా నేను అడగలేదు."

ఆవిడ లేవలేదు. ఆమె వెనక, వరండాలో, చేతుల్లో ఏ కాగితాలూ లేనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడవారన కూర్చుంటున్నారు.